రోడ్డు ప్రమాదంలో ఇంటి పెద్ద పోతే.. ఆ కుటుంబానికి రావాల్సింది ఎంత? రూ.5 లక్షలా.. రూ.38 లక్షలా?

ఘోర రోడ్డు ప్రమాదం.. ఇన్ని మంది మృతి.. సీఎం దిగ్భ్రాంతి.. మృతుల కుటుంబాలకు ఎక్స్‌గ్రేషియా. టీవీ స్క్రీన్ మీద స్క్రోలింగ్ ఇదే వరుసలో పోతుంది. మర్నాటికి ఇంకో వార్త వస్తుంది. ఆ కుటుంబం గురించి ఎవరూ మాట్లాడరు. చూసేవాళ్లకు కూడా ఒక అభిప్రాయం ఉండిపోతుంది.. 'పాపం, ఎంతో కొంత డబ్బు వచ్చిందిలే' అని.

నిజానికి ఆ ఎక్స్‌గ్రేషియా అసలు పరిహారమే కాదు. అది ప్రభుత్వం ఇచ్చే తక్షణ సాయం మాత్రమే. చట్ట ప్రకారం రావాల్సిన పరిహారం వేరే ఉంది. చాలా కేసుల్లో అది ఎక్స్‌గ్రేషియాకు ఐదారు రెట్లు ఉంటుంది. ఆ విషయం తెలియక, లేదా ఆలస్యంగా తెలిసి, ఎన్నో కుటుంబాలు నష్టపోతున్నాయి. మరి ఆ పరిహారం ఎవరు లెక్కగడతారు? ఎలా లెక్కగడతారు? అది న్యాయంగా ఉందా? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎక్స్‌గ్రేషియా వేరు.. పరిహారం వేరు

2025 నవంబర్ 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొట్టిన ఘటన గుర్తుందిగా? 19 మంది చనిపోయారు. కాలేజీకి బయల్దేరిన విద్యార్థులు కూడా వారిలో ఉన్నారు. అప్పుడు తెలంగాణ ప్రభుత్వం రూ.5 లక్షలు, ఆర్టీసీ రూ.2 లక్షలు.. మొత్తం రూ.7 లక్షలు ప్రకటించాయి. ప్రధాని సహాయ నిధి నుంచి మరో రూ.2 లక్షలు ప్రకటించారు.

పెద్ద ప్రమాదం కాబట్టి ఈ ప్రకటనలు వచ్చాయి. మరి రోజూ జరిగే ప్రమాదాల సంగతేంటి? కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. 2023లో ఆ సంఖ్య 1.72 లక్షలు దాటింది. అంటే రోజుకు 470 మందికి పైనే. బైక్ మీద ఒక్కడే వెళ్తూ లారీ కింద పడినవాళ్లకు, పొలం నుంచి వస్తూ ఆటో బోల్తాపడి పోయినవాళ్లకు ఎక్స్‌గ్రేషియా ప్రకటనలు చాలాసార్లు రావు. వాళ్లకు దిక్కు ఒక్కటే.. 1988 నాటి మోటారు వాహనాల చట్టం.

ఈ చట్టంలోని సెక్షన్ 166 కింద మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో కేసు వేయాలి. ట్రిబ్యునల్ అంటే ఎక్కడో ఢిల్లీలో ఉండేది కాదు. జిల్లా కోర్టుల్లోనే ఉంటుంది. ప్రమాదం జరిగిన చోటే వేయాలన్న రూల్ కూడా లేదు. బాధిత కుటుంబం ఎక్కడ ఉంటే అక్కడే వేసుకోవచ్చు. విజయవాడ హైవే మీద ప్రమాదం జరిగినా, కుటుంబం నిజామాబాద్‌లో ఉంటే నిజామాబాద్‌లోనే వేయొచ్చు. ఎక్స్‌గ్రేషియా తీసుకున్నా ఈ హక్కు ఎక్కడికీ పోదు. ఎల్ఐసీ పాలసీ డబ్బులు వచ్చినా వాటిని ఇందులోంచి కోయకూడదని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది.

ఇంకో మాట. క్రిమినల్ కేసులో లాగా ఇక్కడ డ్రైవర్ తప్పును సందేహానికి తావు లేకుండా నిరూపించాల్సిన పని లేదు. ఎవరి వాదనకు ఎక్కువ బలం ఉందో చూస్తారు. బస్సులో కూర్చున్న ప్రయాణికుడి విషయంలో అయితే ఇంకా తేలిక. రెండు వాహనాల డ్రైవర్లదీ తప్పయినా, ప్రయాణికుడి కుటుంబం ఆ ఇద్దరిలో ఎవరి దగ్గరైనా మొత్తం పరిహారం అడగొచ్చు. ఎవరి వాటా ఎంతన్నది తర్వాత వాళ్లూ వాళ్లూ తేల్చుకోవాలి.

లెక్క ఇలా వేస్తారు

చట్టంలో ఉన్న మాట 'న్యాయమైన పరిహారం'. అంటే ఎంత? ఒకప్పుడు ఒక్కో ట్రిబ్యునల్‌ది ఒక్కో లెక్క. ఆ గందరగోళానికి 2009లో సరళా వర్మ కేసు తీర్పుతో సుప్రీంకోర్టు ఒక పద్ధతి పెట్టింది. 2017 అక్టోబర్ 31న ప్రణయ్ సేథీ కేసులో ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం దాన్ని ఖరారు చేసింది. ఇప్పుడు దేశమంతా ఇదే ఫార్ములా.

మొదటి మెట్టు: చనిపోయిన వ్యక్తి సంపాదన. పర్మినెంట్ ఉద్యోగి అయితే ఆదాయపు పన్ను తీసేసి చూస్తారు.

రెండో మెట్టు: బతికుంటే సంపాదన పెరిగేది కదా.. దానికి కొంత కలుపుతారు. పర్మినెంట్ ఉద్యోగికి 40 ఏళ్లలోపు అయితే 50 శాతం, 40-50 మధ్య 30 శాతం, 50-60 మధ్య 15 శాతం. సొంత పని చేసుకునేవాళ్లకు, ఫిక్స్‌డ్ జీతగాళ్లకు అదే వరుసలో 40, 25, 10 శాతం.

మూడో మెట్టు: ఆ వ్యక్తి సొంత ఖర్చు కింద కొంత తీసేస్తారు. పెళ్లయి, ఆధారపడినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటే మూడో వంతు. నలుగురి నుంచి ఆరుగురు ఉంటే నాలుగో వంతు. అంతకన్నా ఎక్కువైతే ఐదో వంతు. పెళ్లికానివాళ్లకు మామూలుగా సగం తీసేస్తారు.

నాలుగో మెట్టు: ఏడాదికి మిగిలిన మొత్తాన్ని వయసును బట్టి ఒక అంకెతో హెచ్చిస్తారు. దీన్నే మల్టిప్లయర్ అంటారు. 15-25 ఏళ్లకు 18, 26-30కి 17, 31-35కి 16, 36-40కి 15, 41-45కి 14, 46-50కి 13, 51-55కి 11, 56-60కి 9, 61-65కి 7, ఆపైన 5. ఇక్కడ చూసేది చనిపోయినవాళ్ల వయసే. పెళ్లికాని కొడుకు పోయినా అమ్మానాన్నల వయసు లెక్కలోకి రాదు.

చివరగా, ఆత్మీయులను కోల్పోయినందుకు రూ.40 వేలు, ఆస్తి నష్టం కింద రూ.15 వేలు, అంత్యక్రియలకు రూ.15 వేలు. ఇవి మూడేళ్లకోసారి 10 శాతం పెరుగుతాయి. ఆ రూ.40 వేలు భార్యకో, భర్తకో మాత్రమే కాదు, పిల్లలకు, తల్లిదండ్రులకు కూడా విడివిడిగా ఇవ్వాలని 2018లో మరో తీర్పు వచ్చింది.

ఒక ఉదాహరణ చూద్దాం

ఇది కేవలం లెక్క అర్థం కావడానికి వేసుకున్న ఉదాహరణ. 34 ఏళ్ల ఎలక్ట్రీషియన్. నెలకు రూ.18 వేలు సంపాదన. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి.. మొత్తం నలుగురు ఆధారపడినవాళ్లు.

18 వేలకు 40 శాతం కలిపితే రూ.25,200. అందులో నాలుగో వంతు తీసేస్తే రూ.18,900. ఏడాదికి రూ.2,26,800. దాన్ని 16తో హెచ్చిస్తే రూ.36,28,800. దీనికి నలుగురికీ తలా సుమారు రూ.48 వేలు, ఆస్తి నష్టం, అంత్యక్రియల ఖర్చు కలిపితే మొత్తం దాదాపు రూ.38.5 లక్షలు. పైన వడ్డీ అదనం.

ఇప్పుడు ఒక్క అంకె మారుద్దాం. ఆ ఎలక్ట్రీషియన్‌కు జీతం స్లిప్ లేదు. బ్యాంకు ఖాతాలో పెద్దగా లావాదేవీలు లేవు. పని చేయించుకున్నవాళ్లు చేతికే డబ్బులిచ్చారు. ట్రిబ్యునల్ 'ఆధారం లేదు' అని నెలకు రూ.10 వేలే లెక్కలోకి తీసుకుంది అనుకుందాం. అప్పుడు మొత్తం సుమారు రూ.22.5 లక్షలకు పడిపోతుంది.

అంటే నెల సంపాదన దగ్గర రూ.8 వేల తేడా.. చివరికి రూ.16 లక్షల తేడా అయ్యింది. ఫార్ములా ఒకటే, చట్టం ఒకటే. కానీ ఒక కాగితం లేనందుకు ఇద్దరు పిల్లల చదువు డబ్బులు ఎగిరిపోయాయి.

అసలు సమస్య ఫార్ములాలో కాదు.. మొదటి అంకెలో!

చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. ఒకే బస్సులో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, ఒక కూలీ చనిపోతే ఇద్దరికీ ఒకే పరిహారం ఎందుకు రాదు? ఇద్దరికీ 30 ఏళ్లు, ఇద్దరికీ ముగ్గురు ఆధారపడినవాళ్లు అనుకుందాం. పన్ను పోను నెలకు రూ.లక్ష వచ్చే పర్మినెంట్ ఉద్యోగి కుటుంబానికి ఈ ఫార్ములాలో సంపాదన నష్టం కింద సుమారు రూ.2.04 కోట్లు వస్తాయి. రూ.12 వేలు సంపాదించే కూలీ కుటుంబానికి వచ్చేది రూ.22.85 లక్షలు. దాదాపు తొమ్మిది రెట్ల తేడా.

వినడానికి అన్యాయంగానే ఉంటుంది. అయితే చట్టం చెప్పేది ఏంటంటే.. ఇది ప్రాణానికి కట్టే వెల కాదు. ఆ మనిషి పోవడంతో ఇంట్లోకి రాకుండా పోయిన డబ్బుకు లెక్క. హోమ్ లోన్ ఈఎంఐ కడుతున్న కుటుంబానికి రూ.22 లక్షలు ఇచ్చినా రోడ్డున పడుతుంది. బాధకు ఇచ్చే రూ.48 వేలు మాత్రం ఇద్దరికీ సమానమే. ఈ వాదనలో న్యాయం ఉంది.

కానీ ఈ వాదన నిలబడాలంటే ఒక షరతు ఉంది. కూలీ నిజంగా ఎంత సంపాదించాడో అంతా లెక్కలోకి రావాలి. ఇంజినీర్‌కు ఫారం-16 ఉంటుంది, రూపాయి కూడా పోదు. కూలీకి, మేస్త్రీకి, తోపుడు బండి వ్యాపారికి, కౌలు రైతుకు కాగితం ఎక్కడిది? జీతం తక్కువన్నది ఒక తేడా. ఆ తక్కువ జీతాన్ని కూడా ఇంకా తగ్గించి చూడటం రెండో దెబ్బ. అసలు అన్యాయం ఈ రెండో దెబ్బే.

సుప్రీంకోర్టు కూడా దీన్ని పట్టించుకుంది. జీతం సర్టిఫికెట్ తేలేదన్న ఒక్క కారణంతో కనీస వేతనాల్లో అట్టడుగు అంకెను తీసుకోకూడదని 2021లో ఒక లారీ డ్రైవర్ కేసులో చెప్పింది. వాస్తవానికి దగ్గరగా కొంత అంచనా వేయొచ్చని కూడా చెప్పింది. అయితే ఆ అంచనా ఎంతన్నది ఇప్పటికీ ట్రిబ్యునల్ విచక్షణే.

అమ్మ సంపాదన సున్నానా?

ఇంకా పెద్ద ప్రశ్న గృహిణులది. 'ఆమె ఏం చేస్తుంది?' అంటే 'ఏమీ చేయదు, ఇంట్లోనే ఉంటుంది' అనేస్తాం. తెల్లవారుజామున లేచి వంట, పిల్లలు, పశువులు, పెద్దవాళ్ల మందులు.. ఇవన్నీ 'ఏమీ' కాదా?

దీని మీద 2021 జనవరి 5న కీర్తి కేసులో గట్టి తీర్పు వచ్చింది. ఆ ధర్మాసనంలో మన తెలుగు జడ్జి జస్టిస్ ఎన్.వి. రమణ ఉన్నారు. విడిగా రాసిన తన తీర్పులో ఆయన 2011 జనాభా లెక్కలను ప్రస్తావించారు. దేశంలో దాదాపు 16 కోట్ల మంది మహిళలు ఇంటిపనే తమ ప్రధాన పని అని చెప్పారు. మగవాళ్లలో అలా చెప్పినవాళ్లు 58 లక్షల లోపే. 2019 టైమ్ యూజ్ సర్వేలో ఇంటి పనులు చేసే మహిళలు రోజుకు సగటున 299 నిమిషాలు వాటికే వెచ్చిస్తున్నారని తేలింది. మగవాళ్లకు అది 97 నిమిషాలు. గృహిణి పనికి విలువ కట్టడం దయ కాదు, ఆమె హక్కును గుర్తించడమేనన్నది ఆ తీర్పు సారాంశం. గృహిణులకు కూడా భవిష్యత్ పెంపు కలపాలని ఆ తీర్పు స్పష్టం చేసింది. 2024 ఫిబ్రవరిలో మరో కేసులో.. గృహిణి ఆదాయాన్ని రోజు కూలీ కనీస వేతనం కన్నా తక్కువగా ఎలా చూస్తారని కోర్టు ప్రశ్నించింది.

లెక్కలో తేడా ఎంతో చూడండి. 38 ఏళ్ల గృహిణి, భర్త, ఇద్దరు పిల్లలు. నెలకు రూ.6 వేలుగా లెక్కిస్తే వచ్చేది సుమారు రూ.10 లక్షలు. రూ.15 వేలుగా లెక్కిస్తే రూ.25 లక్షలు. వాదించే లాయర్ ఆ తీర్పులను ట్రిబ్యునల్ ముందు పెట్టారా లేదా అన్నదే ఈ రూ.15 లక్షలను తేల్చేస్తుంది.

పిల్లల విషయంలోనూ అంతే. సంపాదన లేదు కదా అని చిన్న అంకె వేసేవాళ్లు. 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు దీన్ని మార్చింది. పిల్లలు చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా ఆ రాష్ట్రంలో స్కిల్డ్ కార్మికుడి కనీస వేతనాన్ని ఆదాయంగా తీసుకోవాలని చెప్పింది.

రూ.5 లక్షల దగ్గర జాగ్రత్త!

ఇక్కడే అసలు మెలిక ఉంది. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 164 ప్రకారం, తప్పు ఎవరిదో నిరూపించకుండానే మరణానికి రూ.5 లక్షలు, తీవ్ర గాయాలకు రూ.2.5 లక్షలు తీసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. మంచిదే. తప్పు ఎవరిదో తేలని కేసుల్లో ఇది పెద్ద ఊరట.

కానీ ఈ రూ.5 లక్షలు తీసుకుని సెటిల్ చేసుకుంటే సెక్షన్ 166 కింద వేసిన కేసు రద్దయిపోతుంది. అంటే పైన చూసిన ఎలక్ట్రీషియన్ భార్య, పదో రోజు కర్మలు కూడా కాకముందే ఎవరో తెచ్చిన కాగితం మీద సంతకం పెడితే రూ.38 లక్షల హక్కును వదులుకున్నట్టే. 'అక్కా, కోర్టు చుట్టూ ఏం తిరుగుతావు, ఇది తీసుకో' అని చెప్పేవాళ్లు ఉంటారు. ఆ మాట వినే ముందు లెక్క వేసుకోవాలి. బీమా కంపెనీ చేసిన ఆఫర్‌ను కాదనే హక్కు కుటుంబానికి ఉంది. కాదంటే ట్రిబ్యునలే విచారిస్తుంది.

గడువు సంగతి కూడా చూడాలి. అదే సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు కేసు వేయాలి. దీన్ని సవాలు చేస్తూ పిటిషన్లు పడ్డాయి. ఆలస్యమైందన్న కారణంతో క్లెయిములను కొట్టేయొద్దని 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అలాగని నిదానంగా వేద్దామనుకోవద్దు. మధ్యంతర ఉత్తర్వు ఎప్పుడైనా మారొచ్చు.

ఢీకొట్టి పారిపోతే?

వాహనం నంబర్ కూడా దొరకని కేసుల్లో మరణానికి వచ్చేది రూ.2 లక్షలే. 2022 ఏప్రిల్‌కు ముందు అది రూ.25 వేలు! 2022లో హిట్ అండ్ రన్ ప్రమాదాలు 67 వేలకు పైగా జరిగితే, 2022-23లో వచ్చిన దరఖాస్తులు 205 అని సుప్రీంకోర్టు 2024 జనవరిలో గుర్తుచేసింది. ఈ స్కీమ్ ఉందని ఎంతమందికి తెలుసో ఈ ఒక్క అంకే చెబుతోంది. పరిహారం మొత్తాన్ని పెంచే విషయం ఆలోచించమని కేంద్రానికి కోర్టు అప్పుడే సూచించింది. దీనికి కోర్టుకు వెళ్లక్కర్లేదు. మీ ప్రాంతంలోని క్లెయిమ్స్ ఎంక్వైరీ ఆఫీసర్‌కు దరఖాస్తు చేసుకుంటే కలెక్టర్ మంజూరు చేస్తారు.

కుటుంబం ఏం చేయాలి?

* ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్ట్, పంచనామా కాపీలు తీసుకోవాలి. ఢీకొట్టిన వాహనం ఆర్సీ, ఇన్సూరెన్స్ పాలసీ వివరాలు పోలీసుల నుంచి అడగాలి.

* 2022 రూల్స్ ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద రిపోర్ట్, 50 రోజుల్లో మధ్యంతర రిపోర్ట్, 90 రోజుల్లో పూర్తి రిపోర్ట్ ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. ఆ రిపోర్టునే ట్రిబ్యునల్ క్లెయిమ్ పిటిషన్‌గా తీసుకోవచ్చు. స్టేషన్‌కు వెళ్లి రిపోర్ట్ పంపారా అని అడగడం మీ హక్కు.

* సంపాదనకు ఆధారాలు వెతకండి. ఫోన్‌పే, గూగుల్ పే లావాదేవీలు, చిట్టీ పుస్తకం, డ్వాక్రా లోన్ కిస్తీలు, స్కూల్ ఫీజు రసీదులు, పని ఇచ్చిన మేస్త్రీ సాక్ష్యం.. ఏదైనా పనికొస్తుంది. నెలకు ఇంత ఖర్చు పెట్టే ఇల్లు అంటే అంత సంపాదన ఉన్నట్టే కదా!

* తక్కువ అడిగారన్న భయం అక్కర్లేదు. అడిగిన దానికన్నా ఎక్కువ ఇచ్చే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని 2002లోనే తీర్పు ఉంది.

* 'వచ్చిన దాంట్లో ఇంత పర్సంటేజీ' అని లాయర్ ఫీజు మాట్లాడటం బార్ కౌన్సిల్ రూల్స్‌కు విరుద్ధం. ఫీజు లేకుండా కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించొచ్చు.

* చనిపోయినవాళ్లే బండి నడుపుతూ, తప్పు పూర్తిగా వాళ్లదే అయితే సెక్షన్ 166 వర్తించదని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే వాళ్లే బండి ఓనర్ అయితే పాలసీలో రూ.15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉందేమో చూడండి.

న్యాయం అంటే ఇదేనా?

ఫార్ములా ఉండటం మంచిదే. అది లేని రోజుల్లో జడ్జిని బట్టి అంకె మారేది. కానీ ఫార్ములాలో వేసే మొదటి అంకె తప్పయితే, దాని తర్వాత ఎంత కచ్చితంగా హెచ్చించినా తప్పే వస్తుంది. కాగితం లేని కార్మికుడికి, గృహిణికి ఏ అంకె కన్నా తగ్గకూడదో రాష్ట్రాలవారీగా ముందే ప్రకటించాలి. ఆ అంకె కింద బీమా కంపెనీలు వాదించే అవకాశమే ఉండకూడదు. పిల్లల విషయంలో స్కిల్డ్ వేతనం అని గీత గీసినప్పుడు, పదేళ్లుగా పని చేస్తున్న మేస్త్రీకి, ఇల్లు నడిపే అమ్మకు ఆ గీత ఎందుకు వర్తించకూడదు?

రెండోది సమయం. అప్పీళ్లతో కలిపి ఏళ్లు గడిస్తే వడ్డీ వస్తుంది. నిజమే. కానీ పదో తరగతిలో చదువు ఆపేసిన పిల్లాడికి ఆ వడ్డీతో ఆ ఏళ్లు తిరిగి రావు. 90 రోజుల రిపోర్ట్ రూల్ కాగితం మీద ఉంది. అది ప్రతి స్టేషన్‌లో అమలైతే సగం కుటుంబాలు అసలు దళారుల దగ్గరికి వెళ్లాల్సిన పనే ఉండదు.

ఈసారి స్క్రోలింగ్‌లో ఎక్స్‌గ్రేషియా అని కనిపించినప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆ కుటుంబం లెక్క ఇంకా మొదలే కాలేదు. మీకు తెలిసిన ఇంట్లో ఇలాంటి కష్టం వస్తే, పరామర్శకు వెళ్లినప్పుడు ఈ విషయం కూడా చెప్పండి.. 'తొందరపడి దేని మీదా సంతకం పెట్టొద్దు, ముందు లెక్క వేయిద్దాం' అని.